పురుగులింట్లో చిన్నమ్మ

మొన్న చింతామణిలో మా కోడలి మహిళా సంఘం మీటింగుకు నేనూ వెళ్ళాను. ఇంట్లో మగవాళ్ళు కొడితే ఏం చేయాలో చెప్పడానికొచ్చిన ఆఫీసరమ్మ, చెప్పాల్సిందంతా చెప్పి, ముందు వరసలో కూర్చున్న మా ముసలివాళ్ళ వైపు తిరిగి, మీ కాలంలో ఎవరు అడ్డుకునేవారని అడిగింది. మా అవ్వ సంగతి నోటిదాకా వచ్చింది గానీ, ఆమె అడ్డుకుందని చెప్పాలో లేదని చెప్పాలో తేలక ఊరుకున్నాను.

ఆ రోజుల్లో మా పల్లెలో ఇంటింటా పట్టుపురుగులే. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చుట్టాల్ని పిలవాలన్నా పురుగుల మేత ముగిసిందా లేదా చూసుకుని పిలిచేవాళ్ళం. పెరట్లో వాటికో ఇల్లు. అందులోకి చెప్పులతో పోకూడదు, పొగాకు ముట్టి పోకూడదు, సారాయి తాగినవాడైతే గడప దరిదాపుల్లోకే రాకూడదు.

మా చిన్నాయన కష్టజీవి, సరదా మనిషి, నన్ను భుజానెక్కించుకుని నంది జాతర చూపించినవాడు. సారాయి పడితే మాత్రం చిన్నమ్మను గొడ్డును బాదినట్టు బాదేవాడు. వీధికంతా తెలుసు, ఇంటి మర్యాద అని అందరూ నోరు మూసుకునేవాళ్ళు. అవ్వ కూడా కొడుకును పల్లెత్తు మాట అనలేదు. పురుగుల్ని కనిపెట్టుకుని ఉండాలంటూ చిన్నమ్మ పడకను మాత్రం పురుగులింట్లోకి మార్పించింది. చిన్నాయన తూలుతూ వచ్చి కేకేస్తే, అవ్వ గడపలో కూర్చుని మల్బరీ ఆకు తరుగుతూ, తలెత్తకుండానే, "వాసన తగిల్తే పంట పోతాది, బయటే ఉండప్పా" అనేది. పెళ్ళాం ఏడుపుకు ఆగని మనిషి పురుగులకు భయపడి వెనక్కి తిరిగేవాడు. దీనికి నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు.

పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోతే పురుగులిల్లు ఖాళీ, చిన్నమ్మ మళ్ళీ పెద్దింట్లోకి రావాల్సిందే. అందుకేనేమో అవ్వ ఊపిరి తిప్పుకోకుండా కొత్త పురుగులు తెప్పించేది. ఎండాకాలం ఆకు దొరక్కపోతే పక్క ఊళ్ళలో కొని, మూట నెత్తిన పెట్టుకుని తెచ్చేది. తాత గొణిగేవాడు. అవ్వకు పురుగుల పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వింది.

అవ్వే చిన్నమ్మను కాపాడిందని అనుకుంటానా, కొడుకు చెయ్యి పట్టుకుని ఆపడానికి ఆమెకేం అడ్డమొచ్చిందని అంతలోనే కోపమొస్తుంది. కోపమొస్తే ఆ మూట కింద వంగిన మెడ కళ్ళ ముందు నిలుస్తుంది. పెద్దయ్యాక చిన్నమ్మనే అడిగాను. "ఆయమ్మ ఉండబట్టే బతికిండాను. అయినా కొడుకును ఒక్క మాటన్నా అనుంటే ఎంత బాగుండునమ్మా" అని, కాసేపు ఏడ్చి, కాఫీ పెట్టడానికి లేచిపోయింది.

ఇప్పుడు మా వైపు ఆకుతోటలు తగ్గి ద్రాక్ష వచ్చింది, పూలు వచ్చాయి. కొడితే పోలీసులకు ఫోన్ చేసే ఆడపిల్లలూ వచ్చారు, వాళ్ళను చూస్తే కడుపు నిండుతుంది. ఈ ధైర్యం ఆనాడు ఒక్కరికున్నా చాలేది. అవ్వ చనిపోయిన ఏడాది, ఇక పురుగులు వద్దని తాత అంటే ఇంటిల్లిపాదీ సరేనన్నాం. చిన్నాయన తాగుడు అప్పటికీ మానలేదు. చిన్నమ్మ తన చాప చుట్టుకుని పెద్దింట్లోకి వచ్చింది. నువ్వెక్కడ పడుకుంటావని ఆమెను ఎవరూ అడగలేదు.