తుంగభద్రలో పూడిక తీసిన ఎండాకాలం

మొన్న తొలి వాన పడిన మర్నాడు మహబూబ్‌నగర్‌లో మా ఇంటి నల్లా తిప్పితే ఎర్రగా మట్టినీళ్లు వచ్చాయి. మా కోడలు వెంటనే నల్లా కట్టేసి నీళ్ల క్యాన్ కోసం ఫోన్ చేసింది గానీ, నేను మాత్రం గాజు గ్లాసులో కాసిని పట్టి కిటికీలో పెట్టుకుని, మట్టి మెల్లగా అడుక్కు దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. నీళ్ల పరీక్షల లాబ్‌లో పనిచేసి రిటైరైన నాకు ఆ అలవాటు ఇంకా పోలేదు. చూస్తుండగానే మనసు తుంగభద్ర ఒడ్డుకు వెళ్లిపోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. ఆలంపూర్‌కు కొంత దూరంలో, నదిలోంచి పొలాలకు నీళ్లు ఎత్తిపోసే పంపుల ముందు కాలువ ఒండ్రుతో పూడిపోయి, ఆ ఎండాకాలం చుక్క నీరు ఎక్కడం లేదు. పూడిక తోడే యంత్రాన్ని విడి భాగాలుగా లారీల మీద తెచ్చి నదిలో బిగించారు. అది అడుగున ఉన్న బురదను పీల్చి, పొడవైన గొట్టంతో కొంచెం దిగువన మళ్లీ నదిలోనే వదిలేది. ఆ బురద ఎంతవరకు పాకుతోందో చూడడం, నీళ్లూ అడుగు మట్టీ సీసాల్లో పట్టి పరీక్షించడం, మురికి హద్దు మీరితే పని ఆపించడం నా బాధ్యత.

నన్ను పుట్టిలో, అదే బుట్టలాంటి గుండ్రటి పడవలో, తిప్పింది చేపలు పట్టుకుని బతికే ఒక అవ్వ. పుట్టి గిరగిర తిరుగుతుంటే మొదటి రెండు రోజులు నేను తెచ్చుకున్న జొన్నరొట్టె విప్పను కూడా లేదు. అవ్వ నవ్వకుండా, ఎదురుగా కనిపించే గట్టు మీదే చూపు పెట్టుకొమ్మని చెప్పేది. అలా మెల్లగా ఆమె పుట్టికి అలవాటు పడ్డాను.

ఒక పొద్దున దిగువ మలుపుకు వెళ్లేసరికి నది చిక్కటి చాయ్ రంగులో ఉంది. అవ్వ వల ఎత్తితే బురదకు బరువెక్కి వచ్చింది. అందులో చిన్న చేపలు మొప్పల నిండా మట్టితో నోళ్లు తెరిచి ఉన్నాయి.

"పంటలకు నీళ్లొద్దని నేనంటలేను బిడ్డా," అంది అవ్వ వల విదిలిస్తూ. "కొత్తనీళ్లొస్తే గుడ్లు పెట్టనీకి చేపలు గీ మలుపుకే వస్తయి. గీ బురదల వాటికి ఊపిరెట్లాడుతది?"

నేను పట్టిన సీసాలో నీళ్లు మధ్యాహ్నమైనా తేటపడలేదు. పరీక్షలోనూ మురికి హద్దు దాటిందని తేలింది. పని ఆపమని ఇంజనీరుకు చెప్పాను. నా తమ్ముడి వయసు వాడు, మంచివాడు. తలపట్టుకుని కూర్చున్నాడే తప్ప నా మాట కాదనలేదు.

కష్టమంతా నా ఇంట్లోనే వచ్చింది. మా అక్కను ఆ పంపుల నీళ్లు పారే ఊరికే ఇచ్చారు. యంత్రం ఆగిన సంగతి విని సాయంత్రానికల్లా వచ్చి, ఒడ్డున నా ముందు నిలబడింది.

"మిరపనారు ఎండుతాంది చెల్లె. మీ బావ, నేను బిందెలతోని మోసి మోసి అలిసిపోతున్నం. నీ సీసల నీళ్లు తేటయ్యేదాంక అది ఆగుతదా?"

"గొట్టం మూతి గట్టు మీది బీడుకు మారుస్తున్నరక్కా. అట్లయితే బురద నదిల కలవదు. జర ఓపిక పట్టు."

"ఓపిక నాకు చెప్తున్నవా," అని మాత్రం అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. నన్ను చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మనిషి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. యంత్రం నడపమని అంటే అక్క నారు బతుకుతుంది, ఆపితే అవ్వ చేప బతుకుతుంది. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడలేదు.

గొట్టం మార్చి, బురదను బీడులో పోసి, నీళ్లు తేటపడ్డాక నదికి వదలడం మొదలయ్యేసరికి అక్క నారు సగం పోయింది. మిగిలిన సగంతో, పూడిక తీశాక ఎక్కిన నీళ్లతో ఆలస్యంగా మిరప వేశారు. అవ్వకూ ఆ ఏడు పెద్దగా చేపలు పడలేదు, కానీ మలుపులో చేపపిల్లలు ఆడుతున్నాయని పుట్టి ఆపి మరీ చూపించింది. అక్క మాత్రం చాలా నెలలు నాతో మాట్లాడలేదు. పంట ఇంటికొచ్చాక బస్సులో ఒక సంచి ఎండుమిరపకాయలు పంపింది, ఒక్క మాట కూడా చెప్పి పంపకుండా. సంచి విప్పి ఆ ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో. అందులో సగం అవ్వకు ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు అవ్వ లేదు. అక్క, నేను ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం గానీ ఆ ఎండాకాలం ఊసు ఇద్దరం ఎత్తం. నీళ్ల మురికిని ఇప్పుడు నదిలోనే తేలే యంత్రం కొలిచి ఆఫీసుకు పంపిస్తుందని, మనిషి వెళ్లే అవసరమే లేదని, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి సంతోషంగా చెప్పింది. మంచిదే, నాకంటే అది సరిగ్గానే కొలుస్తుంది. కాకపోతే నారు ఎండిన మనిషి ఇప్పుడు ఒడ్డుకు వస్తే, ఎదురుగా నిలబడి కోప్పడడానికైనా అక్కడ ఎవరూ ఉండరు.