ఫొతినీ మొదటి పాట, ఆండాళ్ వడియాలు

మా శ్యామ్‌సుందర్ లాంటి మొండి ఘటాన్ని షికాగో పక్కనున్న మా షామ్‌బర్గ్ మొత్తంలో చూడలేదు. 2001లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడితే, ఇంకోటి వెతుక్కోకుండా ఇంటి బేస్‌మెంట్‌లో పాత టేపులు బాగుచేసే పని మొదలెట్టాడు. ఆరేళ్లపాటు అన్నీ పెళ్లి వీడియోలూ, సంగీత కచేరీల క్యాసెట్లే. 2007 చలికాలంలో ఫొతినీ వచ్చింది.

ఆమె ఒకప్పుడు ఏథెన్స్‌లో పేరున్న పాప్ గాయని. పదకొండు ఆల్బమ్‌లు పాడి, పెళ్లయ్యాక షికాగోలో స్థిరపడింది. ఆమె హిట్ పాటలన్నీ కలిపి ఒక సీడీ తెస్తామని ఏథెన్స్ కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. అన్నీ దొరికాయి, 1976లో పాడిన మొట్టమొదటి పాట తప్ప. దానివి అరిగిపోయిన రికార్డులే మిగిలాయి. అసలు టేపు ఒక్కటంటే ఒక్కటే, అదీ ఆమె దగ్గరే ఉంది.

"ఈ పాట లేకపోతే సీడీయే వద్దు" అని దాన్ని శ్యామ్‌సుందర్ చేతిలో పెట్టింది.

పాతబడి జిగటబారిన టేపుని సన్నని వేడిలో ఎనిమిది గంటలు ఆరబెట్టాలి. ఆ తర్వాత అది ఒక్కసారి సరిగ్గా తిరిగితే గొప్ప. ఎండ మొహం చూడని ఊరని భార్య ఆండాళ్ వడియాల కోసం కొనుక్కున్న డీహైడ్రేటర్‌లో టేపు పెట్టి, మనవాడు కునుకు తీశాడు. లేచి చూస్తే పై ట్రేల నిండా పచ్చి సగ్గుబియ్యం వడియాలు!

"ఎలాగూ ఆన్‌లో ఉంది కదండీ, హీట్ వేస్ట్ చేయడమెందుకని..." అంది ఆండాళ్.

"టేపుకి తడి తగిలిందే! నా పరువు గంగలో కలిపావు!"

నన్నడిగితే తప్పు వాడిదే. ముందే ఒక్క ముక్క చెప్పి ఏడవొచ్చుగా.

టేపు తిరిగింది. చివర్లో మాత్రం పాట ఎక్కిన పొర రాలిపోయి ఆఖరి రెండు లైన్లు పోయాయి. అవి మళ్లీ వచ్చే పల్లవే కాబట్టి, మొదటి పల్లవిలోంచి కోసి అతికిస్తే ఎవరికీ తెలిసేది కాదు. వాడు ఫొతినీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె వచ్చి వింది. తిట్టలేదు. "మైక్ పెట్టు" అంది. యాభై మూడేళ్ల గొంతుతో, శ్రుతి దించకుండా ఆ రెండు లైన్లూ పాడింది. పై స్వరాలకి వెళ్లినప్పుడు గొంతు వణికింది.

"కంప్యూటర్‌లో సరిచేయనా?"

"ముట్టుకోకు."

రెండూ కలిపి వినిపించాడు. ఇరవై రెండేళ్ల గొంతు ఆగిన చోట ఈ గొంతు అందుకుంది. ఫొతినీ ఏడ్చేసింది.

"ఎక్కడ పాడినా జనం ఈ పిల్లనే అడిగేవాళ్లు, నన్ను కాదు. ముప్పై ఏళ్లు దీన్ని చూసి కుళ్లుకున్నాను. ఇవాళ నాకు చోటిచ్చింది" అంది.