కుంకుమ పడిన హెడ్‌ఫోను

మొన్న పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి వచ్చి, మనవరాలు కొనిచ్చిన హెడ్‌ఫోను మళ్లీ చెవులకు పెట్టుకోగానే కుడివైపు గరగరమంది. నూనెలో తడి మిరపకాయ పడ్డట్టు చిటపటలాడి ఆగిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ చప్పుడుకి నా గుండె జారింది. ఆ భయం నాకు ఇరవయ్యో ఏట పట్టుకున్నది.

అప్పుడు నేను రాజాం దగ్గర మా చిన్న ఊళ్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెంపరరీ ఆపరేటరుని. నాన్న పోయాక ఇంట్లో నలుగురికి నా జీతమే తిండి. మా సూపర్‌వైజరు అప్పలనరసమ్మగారిది శ్రీకూర్మం. ఆవిడ నోరు కరుకు, చూపు అంతకంటే కరుకు. గదిలోకి వస్తే చాలు, కాల్స్ కలిపే బోర్డు ముందు కూర్చున్న మా నడుములు వాటంతటవే నిటారయ్యేవి. నాకైతే ఆవిడంటే చచ్చేంత భయం.

ఆ ఏడు దసరాకి కాస్త ముందు నా బోర్డుకి కొత్త హెడ్‌ఫోను వచ్చింది, ఏడాది గ్యారంటీతో. దాని మర మీద లక్క ముద్ర ఉండేది. ముద్ర చెదిరినా, వాడినవాళ్ల వల్ల పాడైనా గ్యారంటీ చెల్లదని కాగితంలో రాశారు. ఆయుధపూజ నాడు ఊరంతా సైకిళ్లకీ కత్తిపీటలకీ బొట్లు పెడుతుంటే, నాకు కూడు పెట్టేది ఇదే కదా అని దాని చెవి బిళ్ల మీద నిండుగా కుంకుమ అద్దాను. బిళ్లకు చిల్లులుంటాయన్న బుద్ధి అప్పుడు లేకపోయింది.

మూడో రోజు గరగర మొదలైంది. రాజాం ధాన్యం వ్యాపారి చెబుతున్న నంబరులో సగం వినపడలేదు. చిల్లుల్లో ఎర్రటి పొడి కనబడేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర విప్పి దులిపేద్దామని జడలోంచి పిన్ను తీశాను. అది లక్క ముద్రకు ఆనిందో లేదో, వెనకనుంచి అప్పలనరసమ్మగారు నా మణికట్టు పట్టుకున్నారు.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. పిన్ను లాక్కుని తన కొంగుకు గుచ్చుకున్నారు. పాత హెడ్‌ఫోను నా బోర్డుకు తగిలించి విన్నారు, చక్కగా వినబడింది. కొత్తది పక్క బోర్డుకు తగిలిస్తే అక్కడా గరగరే. తప్పు లైనుది కాదని తేలిపోయింది. తర్వాత దాని తీగను అంగుళం అంగుళం వంచుతూ చాలాసేపు విన్నారు. ఏం తెలిసిందో చెప్పలేదు. కంపెనీకి పంపే ఫారం తెచ్చి నా ముందు పెట్టారు.

లోపం ఎలా వచ్చిందో రాయమని అందులో ఒక గడి ఉంది. తడిగుడ్డతో తుడిచేసి, తెలియదని రాస్తానని బతిమాలాను. ఉద్యోగం పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదని ఏడ్చాను.

"పోతే పోతాది, నాను ఆపలేను," అన్నారావిడ. "ఏటి సేసినావో అదే రాయి. సెయ్యి వణికితే వణకనీ. అచ్చరాలు అగుపిస్తే సాలు."

వణుకుతూనే రాశాను. నా సంతకం కింద, పూజ తన ఎదుటే జరిగిందనీ తాను వద్దనలేదనీ ఆవిడ రాసి సంతకం చేశారు. అది నిజమే. ఆ రోజు ఆవిడ కూడా దానికి దండం పెట్టుకున్నారు.

నెల రోజులు అన్నం సయించలేదు. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే కిటికీలోంచి తొంగి చూసేదాన్ని. చివరికి పార్సిలు వచ్చింది. ఉత్తరం ఆవిడే చదివారు. కుంకుమ శబ్దం పుట్టించే లోపలి రేకు దాకా పోలేదట. తీగ అతుకు తయారీలోనే సరిగా పడలేదట. ముద్ర చెదరలేదు కనుక గ్యారంటీ కిందే బాగుచేసి పంపారు. ఆవిడ ఇన్నాళ్లూ దాచిన నా పిన్ను తెచ్చి చేతిలో పెట్టారు.

"జడకెట్టుకో," అన్నారు, అంతే.

నిన్న మనవరాలితో హెడ్‌ఫోను పట్టుకుని షాపుకి వెళ్తే, అక్కడి అమ్మాయి వారంటీ ఫారం తీసి, ఇది తడిసిందా అని అడిగింది. మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. తడిసిందన్నాను. అలాగైతే వారంటీ రాకపోవచ్చంది ఆ అమ్మాయి. ఫారం తీసుకుని, మొక్కల దగ్గర తడి చేతులతో పట్టుకున్నానని రాయడం మొదలుపెట్టాను. చెయ్యి వణికింది. వయసు వల్ల అనుకుని, తాను రాస్తానంటూ ఆ అమ్మాయి చెయ్యి చాపింది.

వద్దన్నాను. అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.