బాబోయ్‌గారి పక్క కుర్చీ

బాబోయ్‌గారు దేనికైనా అదిరిపడతారు. దేనికైనా అంటే దేనికైనా. టీ వేడిగా ఉంటే "బాబోయ్, కాలింది!" చల్లారితే "బాబోయ్, నీళ్ళు!" తలుపు మూసి ఉంటే బాబోయ్, తెరిచి ఉంటే ఇంకా పెద్ద బాబోయ్. అలాంటి మనిషి రేడియోలో ఆటల విభాగానికి పెద్ద. ఫుట్‌బాల్ మ్యాచ్ ఆయన నోట వింటుంటే గోల్ పడిందో గోడ పడిందో తెలిసేది కాదు. ఆయన్ని ఒట్టి పిరికిగొడ్డు అనుకోవడం బస్టాండు చేసిన మొదటి తెలివితక్కువ పని. మొదటిదే సుమా, చివరిది కాదు.

బస్టాండు అంటే ఇక్కడ బస్సులు ఆగే చోటు కాదు, మనిషి. ఒట్టి అల్లరి కుర్రాడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని "ప్రయాణికులకు విజ్ఞప్తి! మూడవ నంబరు ప్లాట్‌ఫారముపై ఉన్న బస్సు మరికొద్ది సేపటిలో బయలుదేరును" అని చదవడం వాడి ఉద్యోగం. ఆ "దేరును"లూ "వలెను"లూ చదివి చదివి వాడి నాలుక తుప్పు పట్టిపోయింది. ఒక మధ్యాహ్నం ఎవరో లావుపాటి పెద్దమనిషి, కదిలిపోతున్న బస్సు కోసం పరిగెత్తడం అద్దంలోంచి చూశాడు. ఇక నోరు ఊరుకుంటుందా?

"గొడుగు పెద్దాయన కుడివైపు నుంచి దూసుకొస్తున్నారు! అరటిపళ్ళ బండిని తప్పించారు! కండక్టరు అడ్డం పడ్డాడు, అతన్నీ దాటేశారు! ఇంకొక్క అడుగు..."

జనం సామాను వదిలేసి ఈలలు వేశారు. పెద్దమనిషి మాత్రం మెట్టు మీద కాలు పెట్టబోతూ టక్కున ఆగి లౌడ్‌స్పీకరు వంక చూశాడు.

"బాబోయ్! అది నేనే!"

బస్సు వెళ్ళిపోయింది. ఆయన రొప్పుకుంటూ మైకు గదికి వచ్చేసరికి మేనేజరు అప్పటికే బస్టాండు కాలరు పట్టుకుని ఉన్నాడు.

"నా పరుగు చెప్పింది నువ్వేనా?"

"నేనేనండీ. తప్పయిపోయింది."

"నేను ఆగిపోయాక ఏమన్నావు? బస్సు మోతలో వినపడలేదు."

బస్టాండు నేలచూపులు చూశాడు. "'ఆటగాడు అలిసిపోయాడు, మార్చేస్తే మంచిది' అన్నానండీ."

"బాబోయ్!" బాబోయ్‌గారు గుండె మీద చెయ్యి వేసుకుని మేనేజరు వైపు తిరిగారు. "వీణ్ణి పీకేశారా?"

"ఇప్పుడే పీకాను."

"మళ్ళీ పెట్టుకోకండి. నాక్కావాలి."

అలా బస్టాండు రేడియోలో పడ్డాడు. పడ్డాడే గానీ నిలబడలేదు. స్టేషన్ డైరెక్టరు వాణ్ణి ఎగాదిగా చూసి ఒకే మాట అన్నాడు: "ఒక్క మ్యాచ్ ఇస్తా. నోరు జారావా, మళ్ళీ బస్సుల దగ్గరికే." అక్కడా తలుపు మూసుకుపోయిన సంగతి బస్టాండు బయటపెట్టలేదు. ఈలోగా వాళ్ళమ్మ వీధంతా చాటేసింది: "మావాడు రేడియోలో మాట్లాడతాడు. విననివాళ్ళు రేపట్నుంచి నాతో మాట్లాడక్కర్లేదు."

మ్యాచ్‌కి ఇంకా వారం ఉంది. కుదురుగా ఆట నేర్చుకోవచ్చు కదా? బస్టాండు రబ్బరు బల్లిని కొన్నాడు. బాబోయ్‌గారి టోపీలో పెట్టాడు. ఆయన టోపీ ఎత్తారో లేదో, "బాబోయ్" అన్న కేకకి మూడు గదుల అవతల వార్తలు చదివే ఆవిడ మధ్యలో ఆగిపోయింది. ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డారు. ఆఫీసంతా కడుపు పట్టుకుని నవ్వింది. బస్టాండుకి ఏనుగెక్కినంత సంబరం.

మ్యాచ్ రోజు వచ్చింది. స్టేడియం పైన అగ్గిపెట్టెలాంటి గది, ఒకే కిటికీ, దానికి బిగించిన అద్దం, రెండు కుర్చీలు, ఒక మైకు. వెనకాల సౌండు చూసుకునే ఇంజనీరమ్మ. ఎర్రచొక్కాలకీ తెల్లచొక్కాలకీ ఆట. బస్టాండు మొదట్లో వడగళ్ళవానలా వాయించాడు. బాబోయ్‌గారు కూడా నోరు మూసుకుని తల ఊపుతున్నారు. అంతలో ఎర్రచొక్కాలకి పెనాల్టీ దొరికింది. జనమంతా ఊపిరి బిగబట్టారు. బస్టాండు బుర్ర కడిగిన పలకలా ఖాళీ అయిపోయింది. ఖాళీ బుర్రలోకి పాత అలవాటు వచ్చి కూర్చుంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి! బంతి మరికొద్ది సేపటిలో బయలుదేరును. ఎక్కవలసిన వారు..."

ఇంజనీరమ్మ చెయ్యి నోటికి వెళ్ళింది. బస్టాండు కళ్ళముందు అమ్మ కనిపించింది, వీధి కనిపించింది, మేనేజరు మీసం కనిపించింది.

"బాబోయ్! బాబోయ్! బాబోయ్!"

గది దద్దరిల్లింది. బాబోయ్‌గారు మైకుని రెండు చేతులతో పట్టుకుని అరుస్తున్నారు. "కందిరీగ! శ్రోతలారా, నా ముక్కు మీద కందిరీగ! కుర్రాడు పాపం నన్ను చూసి ఏదేదో వాగుతున్నాడు! నాకేం కాలేదు నాయనా, నువ్వు ఆట చెప్పు!"

ఆ కేకకి బస్టాండు ఒళ్ళు ఝల్లుమంది. ఝల్లుమనడంతో మాట తిరిగొచ్చింది. పెనాల్టీ తన్నడం, గోల్‌కీపరు ఎడమకి దూకడం, బంతి కుడివైపు వలలో పడటం, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు.

మర్నాడు డైరెక్టరు ఇద్దర్నీ పిలిపించాడు.

"కుర్రాడు బాగానే చెప్పాడు. ఉంచుకుందాం. మీ సంగతేమిటండీ? కీలకమైన ఘట్టంలో కందిరీగేమిటి? ఊళ్ళో నవ్వుతున్నారు. ఫైనల్‌కి వీడొక్కడే కూర్చుంటాడు. మీరు ఇంట్లో వినండి."

బస్టాండు బిత్తరపోయాడు. ఆ ముసలాయన ఎదురు చెబుతారనుకున్నాడు. ఆయన మాత్రం, "బాబోయ్, అలాగేనండీ" అని బయటికి నడిచారు.

ఉద్యోగం నిలిచింది కాబట్టి ఎగిరి గంతెయ్యాలి. కానీ బస్టాండుకి ఒకటే తొలుస్తోంది: కిటికీకి అద్దం, తలుపు మూసుంది, మరి ఆ కందిరీగ ఎటునుంచి వచ్చింది, ఎటు పోయింది? ఆటగాళ్ళ వివరాలు అడిగే వంకతో బాబోయ్‌గారింటికి వెళ్ళాడు. ఆయన పేపరు చదువుతున్నారు. బస్టాండు కూర్చున్నాడో లేదో, వంటింట్లో అలమర కూలి గిన్నెలన్నీ ఒక్కసారిగా నేలమీద పడ్డాయి. ఆకాశం విరిగిపడ్డట్టయింది.

"బాబోయ్!" అని ఒకరు ఎగిరి పడ్డారు. ఆ ఒకరు బస్టాండే.

బాబోయ్‌గారు పేపరు తిప్పుతూ వంటింట్లో ఉన్న భార్యతో అన్నారు: "పెద్ద గిన్నెకి సొట్ట పడిందేమో చూడవే."

బస్టాండు నోరు వెళ్ళబెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. "అమ్మగారూ, ఆయన అదిరిపడలేదేంటండీ?"

"ఆయనా? అదిరిపడటమా?" గిన్నెలు ఏరుకుంటూ ఆవిడ నవ్వింది. "పోయినేడు స్నానాలగదిలో పాము దూరింది. 'కాస్త జరుగు నాన్నా' అని కర్రతో దాన్ని బయటికి పంపి, స్నానం చేసొచ్చి భోంచేశారు."

"మరి నా బల్లి?"

"ఆ రబ్బరుదా? ఇంటికి తెచ్చి చూపించారుగా! 'ముచ్చటపడి కొనుక్కున్నాడే, అదిరిపడకపోతే చిన్నబుచ్చుకుంటాడు' అని. ఆ కుర్చీ ఎక్కినందుకు మూడ్రోజులు మోకాలు పట్టేసింది."

బస్టాండు అక్కడే చతికిలబడ్డాడు. ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన మొదటి మ్యాచ్‌లో నోరు పడిపోయిందయ్యా. ఒక్క మాట లేదు. ఊళ్ళో జనం రేడియోలు చెడిపోయాయనుకుని వాటిని బాదారు. పక్కనున్న పెద్దమనిషి చోద్యం చూశాడే గానీ అందుకోలేదు. ఆ మర్నాడే ఈయన బాబోయ్ నేర్చుకున్నారు. పక్క కుర్చీలో ఎవరు తడబడినా ఆ కేక కింద కప్పెట్టేస్తారు. నవ్వితే నన్ను చూసి నవ్వుతారులే అంటారు."

బస్టాండు సరాసరి డైరెక్టరు గదిలోకి దూసుకుపోయాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని జరిగింది జరిగినట్టు కక్కేశాడు. "ముందు విజ్ఞప్తి నాదండీ. తర్వాతే కందిరీగ. అసలు కందిరీగే లేదండీ!"

డైరెక్టరు కేకలేస్తాడని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిస్తే ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"లేదా?"

"లేదండీ."

"అయితే... ఆయన పక్కన కూర్చుని చెప్పిన నా మొదటి మ్యాచ్‌లో నేను ఆటగాడి పేరు మర్చిపోయినప్పుడు, గదిలోకి దూకిన పిల్లి?"

"మీరు చూశారాండీ?"

"ఆయన చూశానన్నారు! నల్లపిల్లి అన్నారు! నేను తిరిగేసరికి వెళ్ళిపోయిందన్నారు!" డైరెక్టరు తల పట్టుకున్నాడు. "మా పిల్లల్ని ఆ పిల్లి కథ చెప్పి నిద్రపుచ్చానయ్యా నేను!"

ఫైనల్‌కి మళ్ళీ రెండు కుర్చీలు పడ్డాయి. మొదటి సగంలో బస్టాండు గోల్‌కీపరుని "డ్రైవరుగారు" అన్నాడు. పక్కనుంచి కేక వస్తుందని ఒక క్షణం చూశాడు, రాలేదు. తనే పకపకా నవ్వి, మాట దిద్దుకుని ముందుకెళ్ళాడు. విరామంలో మైకు కట్టేశాక ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"వెనక మీరున్నారని మొదటిరోజే చెప్పొచ్చు కదండీ గురువుగారూ! ఆ పెనాల్టీకి నా పైప్రాణాలు పైనే పోయాయి!"

బాబోయ్‌గారు టీ చప్పరిస్తూ అన్నారు: "చెబితే నన్ను నమ్ముకుని తప్పులు చేసేవాడివి. ఇప్పుడు సొంతంగా చేస్తున్నావు. ఎదిగినట్టే కదరా!"