నెలన్నర అంగన్‌వాడీ

మా పాపకి మూడేళ్ళు నిండినా మాట రాలేదు. వేలు చూపిస్తే మంచినీళ్ళు, గునిస్తే పాలు. అడక్కుండానే అన్నీ అందించేవాళ్ళం, ఇక నోరెందుకు తెరుస్తుంది? "తల్లికే నోట్లో నాలుక లేదు, పిల్లకి మాటెక్కణ్ణుంచి వస్తాదండీ" అని మా అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. రాజోలు దగ్గర ఆ ఇంటికి కోడలిగా వచ్చి అయిదేళ్ళయినా పక్క వీధి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆ ఇంటి ఆడవాళ్ళు వీధిలో నడవరు.

పాపని అంగన్‌వాడీకి పంపుదామని ఒకసారి అడిగాను. "కూలోళ్ళ పిల్లల పక్కన కూచోబెడతావేటి?" అన్నారు అత్తగారు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

తొంభైల చివర్లో మా ఆడపడుచుకి ఆపరేషనయితే, అత్తగారు మండపేట వెళ్ళి నెలన్నర ఉండిపోయారు. మర్నాడే పాపని చంకనేసుకుని బయల్దేరాను. "అమ్మొచ్చేక నువ్వే చెప్పుకో" అని మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

కాలవ గట్టు మీద పది నిమిషాల నడక. ఎదురైనవాళ్ళు "ఎక్కడికండీ?" అంటే "బడికండీ" అని చెప్పడం ఎంత బాగుండేదో!

అక్కడ పాప వేలు ఎవరికీ అర్థం కాలేదు. ఉప్మాకేసి చూపిస్తే పక్క పిల్ల "ఏటి? అడుగు" అనేది. వారం రోజులు ఏడ్చింది. నేను గుమ్మంలో తచ్చాడుతుంటే టీచరుగారు, "మీరుంటే మాటాడదండీ, ఇంటికెళ్ళిపోండి" అన్నారు. అన్నిటికీ సరే గాని, ఆ ఇంటికెళ్ళమనడం ఒక్కటే నాకు నచ్చలేదు.

మూడో వారంలో "నాకు" అంది. తరవాత "నాకూ పెట్టు" అంది. ఇక ఆగలేదు.

అత్తగారు తిరిగొచ్చిన రోజు భోజనాల దగ్గర ఆవిడే వడ్డిస్తున్నారు. పాపని నోరు మూసుకోమని ఎలా చెప్పను? అది కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చుని, నాయనమ్మని చూసి, "టీచరుగారండీ, నాకు ఇంకొంచెం పెట్టండీ" అంది.

ఆవిడ గరిటె గిన్నెలో పడేశారు. "ఎక్కడ నేర్చిందే ఇది?" అన్నారు. దాచకుండా చెప్పాను. తిడతారనుకున్నాను. పాపని ఒళ్ళోకి లాక్కుని ముద్దలు కలిపి పెట్టారు.

"మానిపించకు, పంపు."

నా ప్రాణం లేచొచ్చింది. చెయ్యి కడుక్కుంటూ అన్నారు: "రేపట్నుంచి అంగన్‌వాడీ ఆయమ్మొచ్చి తీసుకెళ్తాది. నువ్వు గడప దిగక్కర్లేదు."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను.

మర్నాడు పాప ఆయమ్మ చెయ్యి పట్టుకుని, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయింది. నాకు అసూయ వేసింది. కన్నకూతురి మీద, మూడేళ్ళ పిల్ల మీద.