నా డబుల్ ప్రమోషన్

నా చిన్నప్పుడు ఏలూరులో మా బడి హెడ్మాస్టరుగారు నన్ను రెండో తరగతి నుంచి ఏకంగా నాలుగులో కూర్చోబెట్టారు. ఇరవయ్యో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పానని ఆ డబుల్ ప్రమోషన్. మా నాన్నగారు ఆ సంగతి ఆఫీసులో చెప్పారు, ద్వారకా తిరుమల దర్శనం వరసలో ముక్కూమొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పారు. నేనూ తల ఎగరేసుకుని తిరిగేదాన్ని.

కానీ భాగహారం నేర్పేది మూడో తరగతిలో. నేను అందులో అడుగే పెట్టలేదు. మాస్టారు లెక్క ఇవ్వగానే పక్కపిల్ల పుస్తకంలోంచి దించేసేదాన్ని. రాదని తెలిస్తే నాన్నగారి మొహం ఎలా మారిపోతుందో అని బెంగ. రోజూ పొద్దున్నే కడుపునొప్పి వచ్చేది, దొంగనొప్పి కాదు, నిజంగానే.

పక్కింటి మామ్మగారు తివాచీలు నేసేవారు. వాళ్ళు ముస్లింలు, అయినా వరసకు మాకు మామ్మగారే. నిలువు దారాలకు వరసగా ఊలు ముడులు వెయ్యాలి. వరస పూర్తవగానే అడ్డంగా ఒక దారం దూర్చి, ఇనుప దువ్వెనతో దిగగొట్టాలి. ముడులు సరదా, దిగగొట్టడం విసుగు. ఓ రోజు ఆవిడ చిన్న చెక్కచట్రానికి దారాలు బిగించి నన్నే నేసుకోమన్నారు.

నేను ఆ విసుగు పని మానేసి ముడుల మీద ముడులు వేసుకుపోయాను. ఆవిడ చూస్తూనే ఉన్నారు. పైగా చేతులు భలే ఆడుతున్నాయని మెచ్చుకున్నారు. నాలుగు రోజులకు జానెడు తయారైంది, ఎర్రగా, ముద్దుగా.

"గుప్పెడు పట్టుకుని లాగమ్మా" అన్నారు.

లాగాను. గుప్పెడూ ఊడివచ్చేసింది. ఇంకోచోట లాగితే అదీ అంతే. కాసేపటికి చట్రం మీద బోడి దారాలు మిగిలాయి. విసుగని నేను మానేసిన ఆ అడ్డదారాలేనట ముడులను పట్టి ఉంచేవి. ఆవిడకు మొదటి రోజే తెలుసు, తెలిసీ మెచ్చుకున్నారు! అంతవరకూ పెద్దవాళ్ళు మెచ్చుకున్నారంటే బాగున్నట్టే అనుకునేదాన్ని. ఆ ఊలు పట్టుకునే బావురుమన్నాను.

"నాకు భాగహారం రాదు మామ్మగారూ." పక్కపిల్ల దగ్గర దించెయ్యడం, పొద్దుటి కడుపునొప్పి, అన్నీ చెప్పేశాను.

ఈసారి నిర్ఘాంతపోయింది ఆవిడ. పాపం, ఆవిడ నేర్పబోయింది నేత ఒక్కటే. ఆ సాయంత్రమే తల మీద కొంగు సర్దుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"బాబూ, పిల్లని మూడులోనే కూర్చోబెట్టండి. రోజూ దానికి కడుపునొప్పి ఎందుకొస్తుందో ఎప్పుడైనా అడిగారాండి?"

నాన్నగారి మొహం పాలిపోయింది. తిడతారనుకున్నాను. గడప మీద కూలబడి, ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని నెమ్మదిగా అడిగారు. మర్నాడు మూడో తరగతికి వెళ్ళాను. నెలరోజులు పిల్లలు ఏడిపించారు గానీ, నొప్పి మాత్రం మళ్ళీ రాలేదు.

చురుకైన పిల్లలకు పై తరగతి చదువు చెప్పకూడదని నేననను. మరుసటేడు అలాగే తరగతి దాటించిన ఓ అబ్బాయి హాయిగా చదువుకున్నాడు. వాడికి మూడో తరగతి పాఠాలు ముందే వచ్చు, నాకు ఎక్కాలే వచ్చు. నన్ను కూర్చోబెట్టి అడిగిన వాళ్ళే లేరు.

అందుకే ఇప్పటికీ ఏ పిల్ల గబగబా జవాబు చెప్పినా నాకు గుండె జారుతుంది. మెచ్చుకునే ముందు, ఇందులో నీకు రానిదేమిటని మెల్లగా అడుగుతాను. తాడేపల్లిగూడెంలో మూడో తరగతి చదివే మా మనవరాలు మొన్న తన ఫౌండేషన్ బ్యాచ్‌లో నేర్పిన ఆరో తరగతి లెక్కలు చేసి చూపించింది. అదే అడిగాను. ఎనిమిదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ ఉన్న వంటింటి వైపు ఓసారి చూసి, వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చి, అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది.