తగిలిన చెయ్యి కాదు, పట్టుకున్న చెయ్యి

“ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకమ్మా? నీ సాక్ష్యం అయిపోయింది. రేపు వెళ్లి సంతకం పెట్టి వచ్చెయ్.”

“నేను చెప్పని మాట కింద నా సంతకం పెట్టను.”

“రెండు మాటల తేడా. అంతే కదా.”

“చెయ్యి తగలడానికీ నడుం పట్టుకోవడానికీ రెండు మాటల తేడానా? నీ కూతురికి జరిగితే అప్పుడూ ఇలాగే లెక్కపెడతావా?”

మా అబ్బాయి కంచం పక్కకు జరిపాడు. వంటింట్లోంచి కోడలు, “అత్తయ్యా, కాస్త మెల్లగా. పక్క క్వార్టరు వాళ్లు వింటారు” అంది. నేను లేచి హాల్లో రెండో లైటు ఆపేశాను. పోట్లాటకు ఒక లైటు చాలు.

మా వాడు సైన్యంలో సుబేదారు. పదకొండేళ్లుగా వాడి వెంట ఊళ్లు తిరిగి తిరిగి ఢిల్లీ కంటోన్మెంటుకు చేరాను. ఆ చలికాలం సైనిక ఆసుపత్రిలో నా కుడి కంటికి పొర తీశారు. వార్డులో ఒక నర్సు పిల్ల ఉండేది. పిల్ల అంటున్నాను గానీ ఆఫీసరే, భుజం మీద రెండు చుక్కలు. ఎక్కడో కొండల వైపు నుంచి వచ్చింది. నన్ను ‘అమ్మాజీ’ అనేది. కట్టు మార్చినప్పుడల్లా గుప్పెడేసి దూది తీస్తుందని నేను రోజూ తిట్టేదాన్ని. మర్నాడు ఇంకాస్త ఎక్కువ తీసి నా వైపు చూసి నవ్వేది.

ఒక మధ్యాహ్నం పిలవకముందే కట్ల గదికి వెళ్లాను. కంటి మీద పెట్టే ప్లాస్టిక్ మూతను కడిగి మళ్లీ వాడుకోవచ్చేమో అడుగుదామని. తెర పక్కకు జరిపితే ఆసుపత్రిలోనే పనిచేసే మేజరు ఆ పిల్ల నడుం చుట్టూ చెయ్యి వేసి బీరువాకేసి అదిమి పట్టుకుని ఉన్నాడు. ఆ పిల్ల రెండు చేతులతో అతని ఛాతీని నెడుతోంది. నన్ను చూసి అతను, “మాతాజీ, బాహర్ బైఠియే” అని బయట కూర్చోమన్నాడు. నేను కదల్లేదు. అతనే వెళ్లిపోయాడు.

ఆ పిల్ల ఫిర్యాదు రాసి ఇచ్చింది. సాక్షి ఎవరంటే నా పేరు రాసింది.

సైన్యంలో ఇలాంటివి గప్‌చుప్‌గా మూసేస్తారని మా క్వార్టర్ల లైన్లో ఆడవాళ్లు అనేవాళ్లు. మూసేయాలని చూసేవాళ్లు లేరని నేననను. కానీ విచారణ పెట్టారు. ఒక కల్నలు, ఇద్దరు ఆఫీసర్లు, అందులో ఒకావిడ. ఆ మేజరునూ అదే గదిలో కూర్చోబెట్టారు. అతని పరువుకు సంబంధించిన మాట కాబట్టి అతను వినాలట, సాక్షిని ప్రశ్నలు కూడా అడగొచ్చట. ముందు నాకు మండింది. తర్వాత, పోనీ, మొహం మీదే చెప్పొచ్చు కదా అనిపించింది.

అతను అడిగాడు, ఆ రోజు మీ కంటికి కట్టు ఉందా అని.

“ఉంది. ఒక కంటికి. రెండోదానితో రోజూ బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను” అన్నాను.

ఆ ఆఫీసరావిడ తల వంచుకుని కాగితాలు సర్దుకుంది.

నా హిందీ కూరగాయల బండి దాకా వస్తుంది, కోర్టు దాకా రాదు. అందుకని మా జిల్లా వాడే ఒక హవల్దారును పక్కన నిలబెట్టారు. నేను తెలుగులో చెప్పడం, అతను ఇంగ్లీషులో చెప్పడం, గుమాస్తా టైపు కొట్టడం. ఉన్నది ఉన్నట్టు చెబుతానని అతనితో ముందే ప్రమాణం చేయించారు. సాయంత్రమైపోయిందని, రేపు చదివి వినిపిస్తాం, సంతకం పెట్టండి అని పంపేశారు.

బయట టీ దగ్గర ఆ హవల్దారు మా వాడితో గొప్పగా చెప్పుకున్నాడట. “మీ అమ్మగారు మరీ విప్పి చెప్పేశారు సాబ్. మేజరు సాబు ముందు, కల్నలు సాబు ముందు ఆ మాటలు నా నోటికి ఎలా వస్తాయి? పక్కనుంచి పోతుంటే చెయ్యి తగిలిందని సర్దేశాను” అని. అతని లెక్కలో అది మర్యాద. నాకూ, ఆ పిల్లకూ, మేజరుకూ అందరికీ మేలు చేశాననుకున్నాడు. మా వాడు ఇంటికొచ్చి అన్నం తింటూ అదే మాట నాకు చెప్పాడు. పోట్లాట అక్కడ మొదలైంది.

“మేజరు తప్పు చేయలేదని నేనంటున్నానా?” అన్నాడు మా వాడు చివరికి. “హవల్దారు సంగతి ఆలోచించు. ప్రమాణం చేసి తప్పు చెప్పాడంటే అతని మీద కేసు అవుతుంది. ఇద్దరు చిన్నపిల్లలున్నారు.”

అందులో అబద్ధం లేదు. కానీ నాది తప్ప ఆ నర్సు పిల్లకు వేరే సాక్ష్యం లేదు. చెయ్యి తగిలిందని నేనే అన్నట్టు కాగితం మీద ఉంటే, ఆ పిల్ల చెప్పినదంతా కల్పించి చెప్పినట్టే కదా.

“హవల్దారుకు ఫోన్ చెయ్” అన్నాను. “పొద్దున అతన్నే ముందు చెప్పమను. తానుగా చెప్పినవాడికి దెబ్బ తక్కువ. అతను చెప్పకపోతే నేను చెబుతాను.”

మా వాడు గొణుక్కుంటూ బాల్కనీలోకి వెళ్లి ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, “ఏడుస్తున్నాడు” అన్నాడు.

“ఏడవనీ. గొంతు సాఫీ అవుతుంది.”

ఆ కేసు తర్వాత చాలా నెలలు నడిచింది. చెప్పినదే మళ్లీ ఇంకో ఆఫీసరు ముందు చెప్పాను, కోర్టు మార్షల్లో ఇంకోసారి చెప్పాను. తీర్పు వచ్చాక కూడా పైవాళ్లు ఖాయం చేసేదాకా అది తీర్పు కాదన్నారు. చివరికి మేజరును ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ పిల్ల ఇప్పుడు వేరే ఊళ్లో కెప్టెను. నాకిప్పుడు ఆ కేసు గురించి బెంగ లేదు, కోపం కూడా పెద్దగా లేదు. మూడుచోట్లా నా మాట మారలేదు, అది చాలు.

పోట్లాడిన మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మా వాడు నన్ను స్కూటరు మీద దింపాడు. లోపల హవల్దారు సెల్యూట్ కొట్టి, నిన్న తాను తగ్గించి చెప్పానని కల్నలుతో అన్నాడు. ఎందుకని ఆయన అడిగితే, “సిగ్గేసింది సర్” అన్నాడు. కల్నలు అతన్ని గట్టిగా చివాట్లు పెట్టి బయటికి పంపేశాడు. నిన్నటి కాగితం కొట్టేయొద్దని, దిద్దుబాటును దాని కిందే రాయమని గుమాస్తాకు చెప్పాడు. తెలుగు వచ్చిన డాక్టరమ్మను ఒకామెను పిలిపించి ప్రమాణం చేయించారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఎలా పట్టుకున్నాడో చూపించమంటే కుర్చీ వీపు చుట్టూ చెయ్యి వేసి చూపించాను. మేజరును ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. లేవన్నాడు. డాక్టరమ్మ అంతా తెలుగులో చదివి వినిపించింది. ప్రతి పేజీ కిందా తెలుగులో సంతకం పెట్టాను. పదకొండున్నరకు ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టాను.